‘షార్ట్ సర్క్యూట్’ అంటే సరిపోదు: సచిన్ మరమగ్గాల షెడ్డు నేర్పే కరెంటు లెక్క

ఎక్కడ షెడ్డు తగలబడినా, దుకాణం కాలిపోయినా మర్నాటి వార్తలో ఒక వాక్యం తప్పకుండా కనిపిస్తుంది. ‘షార్ట్ సర్క్యూట్ వల్లే ప్రమాదం జరిగిందని ప్రాథమికంగా భావిస్తున్నారు.’ వార్త అక్కడితో ముగుస్తుంది. షార్ట్ ఎక్కడ అయింది, నిజంగా అయితే బోర్డులోని ఎంసీబీ ఎందుకు పడిపోలేదు అని తర్వాత అడిగేవాళ్లు తక్కువ.

2019 మే 24న సూరత్‌లోని సర్థానా ప్రాంతంలో తక్షశిల ఆర్కేడ్ అనే వాణిజ్య భవనం అంటుకుంది. పై అంతస్తులో కోచింగ్ తరగతికి వచ్చిన పిల్లలు మంటల్లో చిక్కుకున్నారు. 22 మంది విద్యార్థులు చనిపోయారు. అప్పుడు కూడా వార్తల్లో ముందుగా వినిపించిన మాట షార్ట్ సర్క్యూటే. ఆ తర్వాత చర్చ అనుమతులు, మెట్లు, అగ్నిమాపక పరికరాల మీదికి వెళ్లింది. ఆ చర్చ జరగాల్సిందే. అయితే మంట అసలు ఎలా పుడుతుందన్న ప్రశ్న కూడా అంతే ముఖ్యం.

విద్యుత్ వల్ల పుట్టే మంటలన్నీ షార్ట్ సర్క్యూట్లు కావు. కనీసం మూడు వేర్వేరు కారణాలను మనం ఈ ఒక్క పేరుతో పిలుస్తున్నాం. మూడింటి నివారణా ఒకటి కాదు. ఒకదాన్ని ఎంసీబీ క్షణంలో ఆపుతుంది. ఇంకోదాన్ని ఆలస్యంగా ఆపుతుంది. మూడోదాన్ని అసలు గుర్తించలేదు. వీటిని విడదీసి చూడటానికి పెద్ద చదువు అక్కర్లేదు. పదో తరగతి భౌతికశాస్త్రంలో మనమంతా చదివి వదిలేసిన రెండు అంకెలు చాలు: వోల్టేజీ, కరెంటు. సూరత్ పక్కనే ఉన్న సచిన్ పారిశ్రామిక వాడను ఉదాహరణగా తీసుకుని ఆ లెక్క చేసి చూద్దాం.

సచిన్ ఎందుకు?

సూరత్‌కు దక్షిణంగా, ముంబై వైపు వెళ్లే రైలు మార్గం మీద ఉంటుంది సచిన్. గుజరాత్ పారిశ్రామికాభివృద్ధి సంస్థ (జీఐడీసీ) ఇక్కడ నెలకొల్పిన వాడలో మరమగ్గాల షెడ్లు, అద్దకం మిల్లులు, రసాయన కర్మాగారాలు పక్కపక్కనే ఉంటాయి. పాలిస్టర్ వంటి కృత్రిమ దారాల బట్టకు సూరత్ దేశంలోనే పెద్ద కేంద్రం. ఇక్కడి మగ్గాల మీద పనిచేసేవారిలో ఒడిశాలోని గంజాం జిల్లా వాళ్లు ఎక్కువ. తెలుగువాళ్ల అనుబంధమూ పాతదే. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల పద్మశాలి కుటుంబాలు భివండి, సోలాపూర్‌లకు వెళ్లినట్టే సూరత్‌కూ వెళ్లాయి. లింబాయత్ లాంటి పేటల్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. సిరిసిల్లలో ‘సాంచాలు’ అని పిలిచే యంత్రాలే ఇక్కడా ఆడుతుంటాయి. కాబట్టి సచిన్ షెడ్డుకు వేసే లెక్క సిరిసిల్ల షెడ్డుకూ వర్తిస్తుంది.

విద్యుత్ భద్రత కోణంలో చూస్తే మరమగ్గాల షెడ్డులో మూడు ప్రత్యేకతలు ఉన్నాయి. పన్నెండేసి గంటల షిఫ్టులు రెండు నడిచే చోట తీగల్లో కరెంటు దాదాపు రోజంతా పారుతూనే ఉంటుంది. మగ్గాల అదురుకు గోడ మీది బోర్డులు, వాటిలోని స్క్రూలు కూడా అదురుతుంటాయి. దారం నుంచి రాలే నూగు బోర్డుల మీద, మోటార్ల మీద పేరుకుంటుంది. ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో లెక్క చెబుతుంది.

భాగిస్తే నిరోధం, గుణిస్తే పవర్

తీగలో కరెంటును ముందుకు నెట్టే ఒత్తిడిని వోల్టేజీ అంటాం. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. ఆ ఒత్తిడికి తీగలో ఎంత ప్రవాహం సాగుతోందో చెప్పేది కరెంటు. దాన్ని ఆంపియర్లలో కొలుస్తాం. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే వచ్చేది నిరోధం. అంటే ఆ దారి ప్రవాహాన్ని ఎంతగా అడ్డుకుంటోందో చెప్పే అంకె. దాని ప్రమాణం ఓమ్. రెండింటినీ గుణిస్తే పవర్ వస్తుంది. పాఠ్యపుస్తకాలు దీన్ని విద్యుత్ సామర్థ్యం అంటాయి. ఒక్కో సెకనుకు ఎంత శక్తి ఖర్చవుతోందో చెప్పే ఆ అంకెను వాట్లలో చెబుతాం.

వోల్టులు ÷ ఆంపియర్లు = ఓమ్‌లు
వోల్టులు × ఆంపియర్లు = వాట్లు

మొదటి సూత్రం జర్మనీకి చెందిన జార్జ్ సైమన్ ఓమ్‌ది. కొలోన్‌లో బడిపంతులుగా పనిచేస్తూ ప్రయోగాలు చేసిన ఆయన 1827లో దీన్ని పుస్తకంగా వెలువరించారు. మొదట్లో సొంత దేశంలో పెద్దగా ఆదరణ దొరకలేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కాప్లీ పతకం ఇచ్చింది. అదే ఏడాది ఇంగ్లండ్‌లో జేమ్స్ జౌల్ ఇంకో విషయం ప్రకటించారు. తీగలో పుట్టే వేడి కరెంటుకు అనుగుణంగా కాదు, కరెంటు వర్గానికి అనుగుణంగా పెరుగుతుందని. పై రెండు సూత్రాలను కలిపినా ఇదే వస్తుంది.

ఆంపియర్లు × ఆంపియర్లు × ఓమ్‌లు = వాట్లు

కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు. మూడింతలైతే తొమ్మిది రెట్లు. ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తు పెట్టుకోవాలంటే ఇది పెట్టుకోండి.

బకెట్ నీళ్ల లెక్క

ముందుగా అందరికీ తెలిసిన వస్తువు తీసుకుందాం. బకెట్లో వేసి నీళ్లు కాచే హీటర్ రాడ్ మీద 1500 వాట్లు, 230 వోల్టులు అని రాసి ఉంటుంది. వాట్లను వోల్టులతో భాగిస్తే అది తీసుకునే కరెంటు 6.5 ఆంపియర్లు. వోల్టులను ఆ కరెంటుతో భాగిస్తే రాడ్ నిరోధం సుమారు 35 ఓమ్‌లు.

ఇప్పుడు సాయంత్రం వేళ వోల్టేజీ 200కు పడిపోయిందనుకుందాం. రాడ్‌లోని తీగ మారలేదు కాబట్టి నిరోధం దాదాపు అదే 35 ఓమ్‌లు. కరెంటు 5.7 ఆంపియర్లకు తగ్గుతుంది. పవర్ సుమారు 1130 వాట్లు. అంటే వోల్టేజీ 13 శాతం తగ్గితే పవర్ 24 శాతం తగ్గింది. వోల్టేజీతో పాటు కరెంటు కూడా తగ్గడమే దీనికి కారణం. పదిహేను లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 50 డిగ్రీలకు కాచడానికి 230 వోల్టుల దగ్గర పదిహేడు నిమిషాలకు పైగా పడితే, 200 దగ్గర దాదాపు 23 నిమిషాలు పడుతుంది. గాలిలోకి పోయే వేడిని పక్కన పెడితే, ఖర్చయ్యే కరెంటు మాత్రం రెండు సందర్భాల్లోనూ ఒకటే, యూనిట్‌లో సగానికి కాస్త తక్కువ. లో వోల్టేజీ వల్ల హీటర్ విషయంలో పోయేది సమయమే, డబ్బు కాదు.

అన్ని వస్తువులూ ఇలా ఒకే నిరోధంతో ఉండవు. పాతకాలపు 60 వాట్ల ఫిలమెంట్ బల్బు వెలుగుతున్నప్పుడు దాని నిరోధం సుమారు 880 ఓమ్‌లు. ఆర్పి, చల్లారాక మీటరుతో కొలిస్తే అందులో పదో వంతు కూడా ఉండదు. లోహపు తీగ వేడెక్కేకొద్దీ నిరోధం పెరుగుతుంది. అందుకే ‘ఈ వస్తువు నిరోధం ఎంత?’ అని అడిగితే ఏ వోల్టేజీ దగ్గర, ఎంత వేడి మీద అని కూడా అడగాలి.

మోటారు దగ్గర లెక్క మారుతుంది

మరమగ్గాన్ని తిప్పేది మోటారు. ఒక హార్స్ పవర్ మూడు ఫేజుల మోటారు ఉందనుకుందాం. దాని రేకు మీద 415 వోల్టులు, సుమారు 1.8 ఆంపియర్లు అని ఉంటుంది. 415ను 1.8తో భాగిస్తే 230 ఓమ్‌లు వస్తాయి. ఇది మోటారు కాయిల్ నిరోధమా? కాదు. మోటారు ఆపి, కనెక్షన్ తీసి మీటరుతో కొలిస్తే కాయిల్‌లో దానికంటే చాలా తక్కువ ఓమ్‌లే కనిపిస్తాయి.

మిగిలిన అడ్డు ఎక్కడి నుంచి వచ్చింది? తిరిగే మోటారులో అయస్కాంత క్షేత్రం మారుతూ ఉంటుంది. అది కాయిల్‌లో ఎదురు వోల్టేజీని పుట్టిస్తుంది. కరెంటును ఎక్కువగా అదుపు చేసేది అదే. స్విచ్ వేసిన క్షణంలో మోటారు ఇంకా తిరగదు కాబట్టి ఆ ఎదురు సరిగా ఉండదు. అందుకే మొదట్లో మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. దారం చిక్కుకుని మగ్గం బిగుసుకుపోయినా ఇదే పరిస్థితి. ఆరు రెట్ల కరెంటు అంటే కాయిల్‌లో 36 రెట్ల వేడి. స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలే పెట్టేది ఇందుకే.

పవర్ లెక్కలోనూ తేడా ఉంది. ఫేజుకు, ఫేజుకు మధ్య 415 వోల్టులు ఉంటే ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య 240 ఉంటాయి. 240ని 1.8తో గుణించి మూడు ఫేజులకు మూడింతలు చేస్తే 1296 వస్తుంది. కానీ మోటారులో వోల్టేజీ, కరెంటు ఒకే సమయంలో గరిష్ఠానికి చేరవు. కరెంటు కాస్త వెనకబడుతుంది. ఆ వెనుకబాటును లెక్కలోకి తెచ్చే అంకెను పవర్ ఫ్యాక్టర్ అంటారు. అది 0.78 అనుకుంటే అసలు పవర్ సుమారు 1010 వాట్లు. అందులో ఒక హార్స్ పవర్, అంటే 746 వాట్లు, మగ్గాన్ని తిప్పడానికి పోతుంది. మిగతా 265 వాట్లు మోటారులోనే ఖర్చయి వేడిగా మారతాయి.

48 మగ్గాల షెడ్డులో మోటార్లన్నీ పూర్తి లోడ్ మీద ఉంటే అలా మారే వేడి 12,700 వాట్లు. అంటే ఎనిమిదికి పైగా హీటర్ రాడ్లు షెడ్డులో నిరంతరం వెలుగుతున్నట్టు. వేసవిలో షెడ్డు లోపల ఊపిరాడకపోవడానికి రేకుల కప్పు ఒక్కటే కారణం కాదు.

లో వోల్టేజీకి మోటారు స్పందన హీటర్‌కు పూర్తిగా విరుద్ధం. మగ్గం అడిగే పని తగ్గదు. వోల్టేజీ తగ్గితే అదే పని చేయడానికి మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. వోల్టేజీ 13 శాతం తగ్గితే కరెంటు సుమారు 15 శాతం పెరుగుతుంది. కాయిల్‌లో వేడి 32 శాతం పెరుగుతుంది. ఒక ఫేజు పోయినా ఆగకుండా తిరిగే మోటారులో మిగిలిన ఫేజుల్లో కరెంటు దాదాపు 1.73 రెట్లవుతుంది. 1.73ను అదే అంకెతో గుణిస్తే మూడు, అంటే వేడి మూడింతలు. తెలంగాణ, ఆంధ్ర పల్లెల్లో వ్యవసాయ మోటార్లు కాలిపోయి రీవైండింగ్ దుకాణాలకు చేరడానికి ప్రధాన కారణాల్లో ఇవి రెండు. రైతు అనుభవంతో తెలుసుకున్న విషయానికి లెక్క ఇది.

ఒకే పేరు, మూడు ప్రమాదాలు

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. విద్యుత్ వల్ల మంట ఎన్ని రకాలుగా పుడుతుంది?

మొదటిది అసలైన షార్ట్ సర్క్యూట్. ఫేజు తీగ, న్యూట్రల్ తీగ నేరుగా తగులుతాయి. మధ్యలో హీటరూ లేదు, మోటారూ లేదు. మిగిలేది తీగల నిరోధమే. అది అర ఓమ్ అనుకుంటే 230ని 0.5తో భాగించాలి. కరెంటు 460 ఆంపియర్లు. పవర్ లక్ష వాట్లు దాటుతుంది. అయితే 16 ఆంపియర్ల ఎంసీబీ ఉంటే, దాని రకాన్ని బట్టి ఐదు నుంచి పది రెట్ల కరెంటు దాటగానే క్షణంలో పడిపోతుంది. 460 అంటే దాదాపు 29 రెట్లు. సరైన ఎంసీబీ ఉన్న చోట అసలైన షార్ట్ సర్క్యూట్ పెద్ద మంటగా మారే అవకాశం తక్కువ. ఎంసీబీ బదులు ఫ్యూజులో మందపాటి రాగి తీగ చుట్టిన చోట మాత్రం ఆపేది ఏదీ ఉండదు.

రెండోది ఓవర్‌లోడ్. నలుగురైదుగురు కార్మికులు కలిసి ఉండే అద్దె గదిని ఊహించండి. ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు 1500 వాట్ల హీటర్ రాడ్, 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్, 1000 వాట్ల ఇస్త్రీపెట్టె తగిలించారు. మొత్తం 4500 వాట్లు. కరెంటు 19.6 ఆంపియర్లు. బోర్డు 6 ఆంపియర్లకు చేసినదైతే అది మూడింతలకు మించి మోస్తోంది. మూడింతలకు మించిన కరెంటు అంటే దాదాపు 11 రెట్ల వేడి.

16 ఆంపియర్ల ఎంసీబీ ఇక్కడ వెంటనే పడదు. ప్రమాణాల ప్రకారం అది 1.45 రెట్ల దగ్గర, అంటే 23 ఆంపియర్ల దగ్గర, గంటలోపు పడాలి. 19.6 అంతకంటే తక్కువ కాబట్టి చాలాసేపు నిలబడవచ్చు. ఎంసీబీ కాపాడేది గోడలోని తీగను. దానికి తగిలించిన చవక బోర్డును కాదు. తరచూ పడిపోతోందని 16 తీసేసి 32 పెడితే గోడలోని తీగకు కూడా రక్షణ పోతుంది.

మూడోది వదులు జాయింటు. ఎలక్ట్రీషియన్ల మాటలో లూజ్ కాంటాక్ట్. చర్చ అవసరమైంది దీని మీదే.

ఎంసీబీకి కనిపించని వేడి

23 ఓమ్‌ల పరికరం ఒకటి 230 వోల్టుల దగ్గర సరిగ్గా 10 ఆంపియర్లు తీసుకుంటోంది. బోర్డులో ఒక స్క్రూ వదులైంది. తీగ పూర్తిగా ఊడలేదు, కానీ గట్టిగా ఆనుకోవడం లేదు. ఆ చోట 0.6 ఓమ్‌ల నిరోధం చేరింది. మొత్తం దారి 23.6 ఓమ్‌లు. కరెంటు 230 ÷ 23.6, అంటే 9.75 ఆంపియర్లు.

కరెంటు పెరగలేదు. కాస్త తగ్గింది. ఎంసీబీ చూసేది కరెంటునే కాబట్టి దానికి అంతా సవ్యంగా ఉన్నట్టే. ఆర్‌సీసీబీ చూసేది వెళ్లిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానమా కాదా అని. ఇక్కడ ఎర్తులోకి ఏమీ పోవడం లేదు కాబట్టి అదీ కదలదు. పరికరం ఎప్పటిలాగే పనిచేస్తోంది. ఎవరికీ అనుమానం రాదు.

ఇప్పుడు జాయింటు దగ్గర వేడి లెక్కించండి. 9.75 × 9.75 × 0.6. వచ్చేది 57 వాట్లు. టీవీలు, రేడియోలు బాగుచేసేవాళ్లు సీసం కరిగించడానికి వాడే సోల్డరింగ్ ఐరన్ 25 నుంచి 60 వాట్లు ఉంటుంది. అంటే బోర్డు లోపల, గోరంత చోట, ఒక సోల్డరింగ్ ఐరన్‌ను ఆన్ చేసి మూత బిగించినట్టు. మామూలు పీవీసీ తీగ తొడుగు 70 డిగ్రీల వరకే తట్టుకునేలా తయారవుతుంది. పాలిస్టర్ సుమారు 250–260 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఆ బోర్డు మీద నూగు పేరుకుని ఉంటే తర్వాత జరిగేది వేరే చెప్పక్కర్లేదు.

ఈ ప్రమాదం తనను తాను పెంచుకుంటుంది. వేడికి లోహం ఉపరితలం మీద ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. ఆ పొర కరెంటును సరిగా పోనివ్వదు కాబట్టి నిరోధం పెరుగుతుంది. దాంతో ఇంకా వేడి. లోడ్ ఆన్ అయినప్పుడు వేడెక్కి వ్యాకోచించి, ఆపినప్పుడు చల్లారి సంకోచించి స్క్రూ మరింత వదులవుతుంది. రాగి, అల్యూమినియం తీగలను నేరుగా మెలిపెట్టిన చోట ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. మగ్గాల అదురు దీనికి తోడు. చివరికి తొడుగు కరిగి ఫేజు, న్యూట్రల్ తగిలితే అప్పుడు నిజంగానే షార్ట్ అవుతుంది, ఎంసీబీ పడుతుంది. మంటలు ఆరాక వచ్చి చూసినవాళ్లకు కనిపించేది ఆఖరి ఘట్టమే. ‘షార్ట్ సర్క్యూట్’ అని రాసేస్తారు. వారాల తరబడి వేడెక్కిన స్క్రూ సంగతి నివేదికలోకి రాదు.

ఇలాంటి లోపాల్లో నిప్పురవ్వలు రేపే వాటిని గుర్తించే ప్రత్యేక బ్రేకర్లు ఉన్నాయి. అమెరికా విద్యుత్ కోడ్ 1999లోనే ఇళ్లలోని పడకగదుల కోసం వాటిని ప్రస్తావించింది. మన షెడ్లలో అవి అరుదు. రవ్వలు రాకుండా మౌనంగా వేడెక్కే జాయింటును అవి కూడా ప్రతిసారీ పట్టుకోలేవు. కాబట్టి కొలిచి చూడటమే దారి.

రెండు కొలతలతో దొంగను పట్టడం

దీనికి కావాల్సినవి మల్టీమీటరు, ఎలక్ట్రీషియన్లు టాంగ్ టెస్టర్ అని పిలిచే క్లాంప్ మీటరు. తెరిచిన బోర్డులో కరెంటు ఉండగా కొలవడం లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ పని. లెక్క మాత్రం ఎవరైనా చేయవచ్చు, చేయమని అడగవచ్చు.

లోడ్ నడుస్తుండగా మెయిన్ బోర్డు దగ్గర వోల్టేజీ చూడాలి. 229 ఉందనుకుందాం. అదే సమయంలో పరికరం దగ్గర చూస్తే 220. క్లాంప్ మీటరులో 10 ఆంపియర్లు. దారిలో 9 వోల్టులు పోయాయి. ఎక్కడ?

ముందు తీగ వాటా తీసేయాలి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు కిలోమీటరుకు సుమారు 7.4 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. బోర్డు నుంచి పరికరానికి 20 మీటర్లైతే పోను, రాను 40 మీటర్లు. నిరోధం 0.3 ఓమ్‌లు. 10 ఆంపియర్లకు 3 వోల్టులు. మిగిలిన 6 వోల్టులకు తీగ జవాబుదారీ కాదు. అవి జాయింట్లు, స్విచ్చులు, సాకెట్లలో పోతున్నాయి.

6 ÷ 10 = 0.6 ఓమ్‌లు
6 × 10 = 60 వాట్లు

భాగహారం లోపం ఎంతో చెప్పింది. గుణకారం ప్రమాదం ఎంతో చెప్పింది. తీగలోనూ 30 వాట్ల వేడి పుడుతోంది. కానీ అది 40 మీటర్ల పొడవునా పరుచుకుంది. మీటరుకు ఒక వాటు కూడా లేదు, ప్రమాదం లేదు. మిగిలిన 60 వాట్లు ఒకటి రెండు స్క్రూల దగ్గర పోగయ్యాయి. ఏ స్క్రూ అన్నది తెలియాలంటే ఒక్కో జాయింటుకు రెండు వైపులా వోల్టేజీ తేడా చూసుకుంటూ రావాలి. బిగుతైన జాయింటులో అది పదో వంతు వోల్టు కూడా ఉండదు. వోల్టులు పోతున్న చోటే లోపం.

కొలిచేటప్పుడు కొన్ని జాగ్రత్తలు:

- వోల్టేజీని రెండు బిందువుల మధ్య కొలుస్తాం. కరెంటును దారి మధ్యలో కొలుస్తాం. మల్టీమీటరును ఆంపియర్ల మీద పెట్టి సాకెట్‌లో గుచ్చితే మీటరే షార్ట్ సర్క్యూట్ అవుతుంది.
- క్లాంప్ మీటరును ఒక్క తీగ చుట్టూనే వేయాలి. ఫేజు, న్యూట్రల్ రెండింటినీ కలిపి పడితే వెళ్లే కరెంటు, వచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా చూపిస్తుంది.
- ఓమ్‌ల మీద పెట్టి కొలవాలంటే సప్లై పూర్తిగా ఆపి ఉండాలి.
- లోడ్ లేనప్పుడు కొలిస్తే ఏమీ తెలియదు. కరెంటు పారకపోతే వదులు జాయింటులో వోల్టేజీ పోదు. మగ్గాలన్నీ ఆపేసిన సెలవు రోజున చేసే తనిఖీలో ఇలాంటి లోపం దొరక్కపోవడానికి కారణం ఇదే.

మీటర్లు లేని చోట కూడా కొన్ని గుర్తులు ఉంటాయి. మిగతా సాకెట్ల కంటే ఒకటే వెచ్చగా ఉండటం, ప్లాస్టిక్ గోధుమ రంగులోకి తిరగడం, కాలిన వాసన, పెద్ద లోడ్ వేసినప్పుడు ఆ లైనులోని దీపాలు మాత్రమే మందగించడం లేదా మిణుకుమనడం. ఇవి కనిపిస్తే ‘తర్వాత చూద్దాం’ అనకూడదు. దూరం నుంచే వేడి చూపించే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్లు ఇప్పుడు చవకగానే దొరుకుతున్నాయి. మూత వేసిన బోర్డుల్లో వేటి మీద వేడి ఎక్కువుందో వాటితో చూడవచ్చు.

అడగాల్సిన ప్రశ్నలు

మరమగ్గాల షెడ్డులో భద్రత అంటే గోడకు వేలాడే ఎర్ర సిలిండర్ ఒక్కటే కాదు. ఏడాదికి ఒకటి రెండు సార్లు లోడ్ మీద వోల్టేజీ నష్టం కొలవడం, సప్లై ఆపి స్క్రూలు బిగించడం, నూగు ఊడ్చడం, మోటార్లకు ఫేజు పోతే ఆపేసే రిలే పెట్టడం. వీటికయ్యే ఖర్చు ఒక మోటారు రీవైండింగ్ ఖర్చుతో పోలిస్తే పెద్దది కాదు. మనిషి ప్రాణంతో పోల్చాల్సిన పనే లేదు. సచిన్‌లోనైనా సిరిసిల్లలోనైనా షెడ్డు యజమాని వేరు, అందులో పగలూ రాత్రీ నిలబడి పనిచేసే మనిషి వేరు. బోర్డు బిగించే ఖర్చు యజమానిది, అది వదులైతే ముందుగా నష్టపోయేది కార్మికుడు. ఈ తనిఖీని యజమాని ఇష్టానికి వదిలేయకుండా క్రమం తప్పని నియమంగా మార్చాల్సింది అందుకే.

ఇక ప్రమాదం జరిగాక ‘షార్ట్ సర్క్యూట్’ అన్న మాట వినిపిస్తే విలేకరులూ, అధికారులూ, పాఠకులూ మూడు ప్రశ్నలు అడగాలి. ఎంసీబీ పడిందా, పడితే మంటకు ముందా, తర్వాతా? ఆ లైను మీద లోడ్ ఎన్ని ఆంపియర్లు, తీగ ఎన్ని ఆంపియర్లకు సరిపోయేది? ఆ జాయింట్లను లోడ్ మీద చివరిసారి ఎప్పుడు కొలిచారు? మొదటి రెండింటికి ఎక్కడో ఒక చోట జవాబు దొరుకుతుంది. మూడోదానికి జవాబు లేకపోతే, ప్రమాదానికి కారణం కరెంటు అని రాయడం సగం నిజమే అవుతుంది.